దేముడమ్మ అడిగిన మిగతా సగం

రేడియో అంటే నాకు ఏ కాలంలోనూ అసహ్యం లేదు. దాని చుట్టూ కుర్చీలు వేసుకొని కూర్చున్న మమ్మల్ని, అంటే చోడవరం బజారువీధి పఠనమందిరం సభ్యులను, తలచుకొన్నప్పుడే నా నాలుక మీద చేదు మెదులుతుంది. ఆ కుర్చీల్లో కూర్చున్నవారిలో ఇప్పుడు మిగిలినవాణ్ని నేనొక్కణ్నే. కాబట్టి వారి వాటా సిగ్గు కూడా నాకే సంక్రమించింది. అయితే ఈ కథ మాది కాదు, దేముడమ్మది.

దేముడమ్మ మా ఊరి మంత్రసాని. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు ఆమెకు యాభై ఏళ్లుంటాయి. పొట్టి మనిషి, గట్టి మనిషి. చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకొని అడ్డపొగ పీలుస్తూ, అలాగే మాట్లాడుతూ, నిప్పు నాలుకకు తగలకుండా నవ్వగల నేర్పు ఆమెది. పదిహేనో ఏట అత్తగారి వెంట పురిటిళ్లకు తిరగడం మొదలుపెట్టిందట. అత్తగారి నుంచి ఆమెకు సంక్రమించిన ఆస్తి ఒక్కటే: వంకీ తిరిగిన చిన్న కొడవలి. అది ఆమె ఇంటి చూరులో దోపి ఉండేది. పురుడు వచ్చినప్పుడు బొడ్డు కోసేది దానితోనే. పురుళ్లు లేని రోజుల్లో మేకకు రొట్ట కోసేది కూడా దానితోనే.

ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. బొడ్డు కోసే హక్కు మంత్రసాని ఇంటి ఆడవాళ్లదే. పదిమందిని కన్న అమ్మమ్మలు చుట్టూ నిలబడి ఉన్నా, దేముడమ్మ రావడం ఆలస్యమైతే బిడ్డను మాయతో పాటు అలాగే చేట మీద పడుకోబెట్టి వీధి వైపు చూస్తూ ఉండవలసిందే. మరొకతె తెగించి కోసిందా, ఆమె చేతి అన్నం ఏడాది పాటు ఎవరూ ముట్టరు. ఈ ఆచారానికి శాస్త్రప్రమాణం ఏమిటని నేను యౌవనంలో చాలా గ్రంథాలు తిరగవేశాను. ప్రమాణం దొరకలేదు. దొరకలేదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నా చదువులో అధికభాగం ఈ తీరుగానే ఖర్చయింది.

ఆ రోజుల్లో పుట్టిన బిడ్డల్లో కొందరు పది రోజులు తిరక్కుండా పోయేవారు. ఐదారు రోజులు చక్కగా పాలు తాగిన బిడ్డ ఏడో రోజున హఠాత్తుగా దవడలు బిగించేది. చన్ను నోటికి అందించినా పట్టేది కాదు. ఒళ్లు విల్లులాగా వంగేది. తొమ్మిదో రోజు చూడకుండానే పోయేది. "పక్షి సోకింది" అనేవారు పెద్దలు. తాయెత్తు కట్టేవారు, దిష్టి తీసేవారు, ఏడ్చేవారు, మరచిపోయేవారు.

దేముడమ్మకు మరచిపోయే వీలు లేదు. ఆమె ఒక్కగానొక్క కూతురు పైడితల్లి. కె.కోటపాడులో ఇచ్చింది. ఆ పిల్ల రెండు కాన్పులూ పుట్టింట్లో, తల్లి చేతిమీదే జరిగాయి. ఇద్దరు బిడ్డలూ ఏడో రోజున దవడలు బిగించారు. మూడోసారి కడుపుతో పుట్టింటికి వచ్చేటప్పుడు అత్తవారు బండి దగ్గరే చెప్పి పంపారు: ఇది కూడా నిలవకపోతే పిల్లను మీ దగ్గరే ఉంచేసుకోండి, మా వాడికి వేరే సంబంధం చూసుకొంటాము. పైడితల్లికి అప్పుడు ఎనిమిదో నెల.

ఇక రేడియో సంగతి. మా పఠనమందిరంలో చందాలు వేసుకొని కొన్న రేడియో ఒకటి ఉండేది. దానికి చెక్కపెట్టె, పెట్టెకు తాళం, తాళంచెవి కార్యదర్శి సత్యారావు గారి జంధ్యానికి. ఊళ్లో కరెంటు ఇంకా మా వీధికి రాలేదు. రేడియో నడవాలంటే ఆమ్లం పోసిన బరువైన బ్యాటరీ కావాలి. అది నీరసిస్తే బస్సు మీద వేసి అనకాపల్లి పంపి చార్జింగు చేయించాలి. అందుచేత వారమంతా రేడియో మౌనవ్రతం పట్టి, ఆదివారం మాత్రమే నోరు విప్పేది.

ఆదివారం మాటల రోజు. పొద్దున పిల్లలకు కథ, పన్నెండు దాటాక స్త్రీల కార్యక్రమం, ఆ పైన ఏదో ఒక గ్రంథం మీద ప్రసంగం, మూడు గంటలకు నాటకం, సాయంకాలం రైతుల సంభాషణ, తరువాత వార్తలు. పాటలకు ఊగే చెవులు వేరు, మాటలకు ఒగ్గే చెవులు వేరు. విజయవాడ నుంచి ఒక మనిషి గొంతు సవరించుకొని "నమస్కారం" అంటే, చోడవరంలో ముప్ఫైమంది తమకు తెలియకుండానే తల ఆడించిన రోజులవి. నేను ఆ ఊరి ఉన్నతపాఠశాలలో తెలుగు పండితుణ్ని, ఇరవయ్యారేళ్లవాణ్ని. ప్రతి ఆదివారం ఒక నోటు పుస్తకం పట్టుకొని కూర్చొని, వక్తలు చేసే వ్యాకరణదోషాలను తేదీలవారీగా రాసుకొనేవాణ్ని. ఒత్తులు మింగేవారు ఎందరు, శకటరేఫం, అదే బండి ఱ, ఊసే ఎరుగనివారు ఎందరు, కర్తకూ క్రియకూ పొత్తు కుదరనివారు ఎందరు అని లెక్క. ఆ పుస్తకాలు పదకొండు నిండాయి. చెదలు తిన్నప్పుడు నేను రెండు రోజులు భోజనం చేయలేదు. అంతకంటే పెద్ద దుఃఖం ప్రపంచంలో లేనట్టు.

సత్యారావు గారు తాలూకా కచేరీలో గుమాస్తాగా చేసి విరమించిన వ్యక్తి. బ్యాటరీ విషయంలో ఆయనకు ఒక సిద్ధాంతం ఉండేది. వినే చెవులు ఎక్కువైన కొద్దీ బ్యాటరీ తొందరగా దిగిపోతుందని. బావిలో నీళ్లు తోడినట్టు ప్రతి చెవీ కొంత కరెంటు లాగుతుందని ఆయన దృఢవిశ్వాసం. నిజానికి ఆయన చూసింది నిజమే: జనం ఎక్కువ వచ్చిన ఆదివారం బ్యాటరీ తొందరగా దిగేది. జనం వచ్చినప్పుడు వినబడటానికి రేడియో గొంతు పెంచేది ఆయనే. ఆ పెంపు వల్ల దిగిందన్న సంగతి మాత్రం ఆయనకు తట్టలేదు. మా సభ్యులందరూ ఆ సిద్ధాంతాన్ని తల వంచి స్వీకరించారు. మా పాఠశాల సైన్సు మాస్టారు నాకు అసలు సంగతి చెప్పాడు. నేను దాన్ని సత్యారావు గారి చెవిన వేయలేదు. నా కుర్చీ రేడియోకు ఎదురుగా, మొదటి వరసలో ఉండేది. అది పోతుందని భయం.

ఆ సిద్ధాంతం ప్రకారం మొదట కోత పడింది స్త్రీల కార్యక్రమానికి. ఆ సమయంలో పెట్టె మూసి తాళం వేసేవారు. మంగాయమ్మగారు, అంటే సత్యారావు గారి ఇల్లాలే, తలుపు చాటు నుంచి అడిగినా ఆయన చలించలేదు.

ఆ సంవత్సరం మాఘమాసంలో ఒక ఆదివారం, ఆయన మాడుగుల నుంచి ఎవరో తెచ్చిన హల్వా పొట్లం విప్పి, బెల్లం వర్తకుడు బంగార్రాజు గారితో కలిసి వెనుక వసారాలో కూర్చొన్నారు. నేతి వేళ్లతో తాళం వేయడం కష్టమనుకొన్నారో, మరచిపోయారో, రేడియో నడుస్తూనే ఉంది. స్త్రీల కార్యక్రమం మొదలైంది. కిటికీ అవతల సందులో చేటలు, గిన్నెలు పట్టుకొని పనిమీద పోతున్నట్టు నటిస్తూ ఆడవాళ్లు చేరారు. వారిలో దేముడమ్మ ఒకతె.

ఒక డాక్టరమ్మ మాట్లాడుతోంది. నెమ్మదైన గొంతు. ఆమె ఒక వాక్యంలో బహువచన కర్తకు ఏకవచన క్రియ వాడింది. నేను వెంటనే రాసుకొన్నాను. రాసుకొని తల ఎత్తేసరికి ఆమె అంటోంది:

"ఏడో రోజున పసిబిడ్డ దవడలు బిగుసుకొని పోతోందంటే దానికి గాలీ కారణం కాదు, పక్షీ కారణం కాదు. బొడ్డు కోసిన కత్తి కారణం. దాని మీద కంటికి కనిపించని విషం ఉంటుంది. నీళ్లతో కడిగినంత మాత్రాన అది పోదు. అందుచేత బొడ్డు కోసే ముందు తప్పనిసరిగా…"

టక్కుమని శబ్దం. రేడియో ఆగిపోయింది. సత్యారావు గారు వేళ్లు నాక్కుంటూ పెట్టె ముందు నిలబడి ఉన్నారు.

"బాబూ! బాబూ! ఇంకొక్క మాట!" కిటికీ ఊచలు పట్టుకొని దేముడమ్మ అరిచింది. "తప్పనిసరిగా ఏటి సెయ్యాలో సెప్తంది బాబూ ఆయమ్మ. పెట్టండి బాబూ."

"ఏటే దేముడమ్మా, సందంతా చెవులే! ఇరవైమంది కట్టకట్టుకుని పీల్చేస్తంటే మూడు గంటల నాటకానికి గొంతేటి మిగుల్తాది?" అన్నారు సత్యారావు గారు.

"నా గుంట పైడితల్లి కడుపుతో ఉంది బాబూ. రెండు పోనాయి. తమరికి తెలీదా?"

"పోతే మళ్లీ పుడతారు. బేటరీ మళ్లీ పుడతాదా? అనకాపల్లి పంపాల," అన్నారు బంగార్రాజు గారు వెనుక నుంచి. నలుగురు నవ్వారు. హల్వా నమిలిన నోళ్లతో నవ్వారు. ఆ నవ్వులో నేనూ పెదవి కదిపాను. ఇన్నేళ్లుగా నా మీద నాకున్న ఏహ్యభావానికి మూలం ఆ పెదవి కదలికే.

మరునాడు పొద్దున దేముడమ్మ నా ఇంటి అరుగు ముందుకు వచ్చింది. నోట్లో చుట్ట లేదు. ఆమెను చుట్ట లేకుండా చూడటం నాకు అదే ప్రథమం.

"పంతులు బాబూ, నువ్వు లోపలే కూకున్నావు గదా. ఆయమ్మ ఏటి సెప్పింది?"

"నాకూ అక్కడి వరకే వినపడింది దేముడమ్మా."

"నేను సూరులోంచి తీసి ఎప్పుడూ కడుగుతాను బాబూ. కడిగితే పోదంట. మరెలాగ పోద్ది? అంటే నా సెయ్యేనా? ఆ రెండు గుంటల్నీ నేనేనా?" అని తన కుడిచేతిని అరుగు మీద పరిచి, మరెవరిదో వస్తువును చూసినట్టు చూసింది. "మిగతాది తెలీకండా ఇంక ఎవళ్లకీ బొడ్డు కొయ్యను. పైడితల్లికి గాదు, మహారాణికి గాదు. నువ్వు ఆయమ్మకి ఉత్తరం రాయి."

మా ఆసుపత్రిలో ఉన్నది మగ డాక్టరు. ఆయన ఎదుట నిలబడి పురిటి మాట ఎత్తడం ఆమె వల్ల కాని పని. నా వల్ల అయ్యే పని. వీధి చివరికి నడిచి వెళ్లి అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోయేది. ఆ సంగతి నాకు తట్టలేదు. తట్టింది ఉత్తరం. రేడియో వారికి ఉత్తరం! నా గద్యం విజయవాడలో చదవబడుతుంది! ఆ ఊహ వచ్చాక నా కంటికి దేముడమ్మ కనబడలేదు.

ఆ ఉత్తరాన్ని ఎనిమిది రోజులు రాశాను. మొదటి చిత్తులో సంబోధన తృప్తికరంగా లేదు. రెండో చిత్తులో ఒక సమాసం దుష్టమేమోనని అనుమానం. మూడో చిత్తులో ప్రస్తావన పేజీన్నర అయింది. దేముడమ్మ రోజూ సాయంత్రం వచ్చి అరుగు కింద నిలబడి "ఏసీసేవా బాబూ?" అని అడిగేది. "ఉత్తరమంటే అంత తేలికా?" అని నేను కళ్లద్దాలు సర్దుకొనేవాణ్ని. ఎనిమిదో రోజున వేశాను. తిరుగు చిరునామాగా నా ఇల్లు కాక పఠనమందిరం పేరు రాశాను, ఘనంగా ఉంటుందని.

ఆ ఎనిమిది రోజుల్లో రావికమతం వైపు నుంచి ఒక బండి వచ్చి దేముడమ్మ గుమ్మం ముందు ఆగింది. ఆమె వెళ్లలేదు. "నా సేతికి మైల ఉంది, పొండి" అందట. వాళ్లు తిట్టి, మరో ఊరి ముసలమ్మను తీసుకుపోయారు. ఆ బిడ్డ ఆరో రోజున పోయింది. ఈ మాట దేముడమ్మ నాతో చెప్పినప్పుడు నా మేజా మీద మూడో చిత్తు ఉంది.

నెల తిరగకముందే జవాబు వచ్చింది, ఒక కార్డు ముక్క. ప్రశ్నకు డాక్టరమ్మ వచ్చే ఆదివారం స్త్రీల కార్యక్రమంలో సమాధానం చెబుతారు, వినండి, అని రెండు వాక్యాలు. పఠనమందిరానికి వచ్చింది కనుక మొదట చదివినవారు సత్యారావు గారు. శనివారం సాయంకాలం సభ్యులందరి ముందు గొంతు మార్చి చదివారు.

"శ్రీమతి దేముడమ్మగారి సందేహానికి సమాధానమంటండీ! రేపోమాపో నాటకంలో వేషం కూడా ఇస్తారు. ఏటండీ పంతులుగారూ, దీన్ని రాసింది తమరేనా?"

"ఆమె ప్రాధేయపడితే…" అని నేను నసిగాను.

"రేపు నాటకం గంటన్నర. కుదరదు." అంటూ సుద్దముక్క తీసుకొని గోడ మీది నల్లబల్ల మీద రాశారు: స్త్రీల కార్యక్రమము నిషేదము.

నేను లేచాను. అందరూ నావైపు చూశారు, ఏదో అనబోతున్నాననుకొన్నారు. నేను వెళ్లి సుద్దముక్క అందుకొని, ఆ మాటలో ఒత్తు లేని దకారాన్ని చెరిపి ఒత్తు పెట్టి, వచ్చి కూర్చొన్నాను. అన్యాయాన్ని అక్షరదోషం లేకుండా నిలబెట్టిన ఘనత నాది.

ఆ రాత్రి గడిచి ఆదివారం తెల్లవారింది. సత్యారావు గారి కూతురు రాజ్యానికి నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. దేముడమ్మకు కబురు వెళ్లింది. ఆమె వచ్చింది. లోపలికి మాత్రం పోలేదు. వాకిట్లో అరుగు కింద కూర్చొంది. పఠనమందిరం ఆ ఇంటికి ఎదురిల్లే కాబట్టి, పిల్లల కథ వినడానికి వచ్చిన మేమందరమూ ఆ దృశ్యాన్ని చూశాము.

"లోపలికి రాయేమే, పిల్ల గింజుకుంటంది!" మంగాయమ్మగారు గుమ్మంలోకి వచ్చి పిలిచారు.

"తొలిసూలమ్మా, మధ్యాన్నం దాటితే గాని అవదు. నేను వస్తాను. పురుడు పోస్తాను. బొడ్డు మాత్రం కొయ్యను."

"కొయ్యవా? మరెవరు కోస్తారే?"

"నా సేత్తో కోస్తే ఏడోనాడు పోతారంట. కొయ్యకండా ఉండాలంటే ఎలాగో, కొయ్యాలంటే ఎలాగో ఆయమ్మ ఈయేళ సెప్తాదంట. బాబుగారు పెట్టెకి తాళం ఏసీసేరంట గదమ్మా. ఇనకండా నేను కత్తి ముట్టుకోను. నా గుంటకి ముట్టుకోనప్పుడు నీ గుంటకి మాత్రం ఎందుకు ముట్టుకుంటాను? అదీ ఇదీ ఒకటే గాదా నాకు?"

ఆమె గొంతు పెంచలేదు. సత్యారావు గారు వీధి దాటి వచ్చి అరిచారు. "ఊళ్లో ఉండనివ్వనే! ఇల్లు పీకించేస్తాను!"

"పీకించండి బాబూ. ఆ సూరులోనే ఉంది కత్తి. తమరే తీసుకెళ్లి కోసుకోండి."

లోపల రాజ్యం కేక పెట్టింది. మంగాయమ్మగారు కొంగు బిగించి, మొగుడి ముఖం ఎదుట చెయ్యి చాచారు. ఆ ఇల్లాలు వీధిలోకి వచ్చి మాట్లాడగా నేను విన్నది ఆనాడే.

"తాళంచెవి ఇలాగివ్వండి."

"ఓసి, నాటకానికి బేటరీ…"

"మీ నాటకాన్ని కుంపట్లో పెట్ట! నా పిల్ల లోపల సస్తంటే మీకు చెవుల లెక్కా? ఇస్తారా, జంధ్యంతో పాటు లాక్కోమంటారా?"

ఇచ్చారు. ఇవ్వడమే కాదు, కూతురి ప్రాణం మీదికి వచ్చేసరికి ఆయనకు సిద్ధాంతం మరింత గట్టిపడింది. పన్నెండు కొట్టగానే పఠనమందిరంలోకి దూరి, "అందరూ బైటికి పొండి! ఒక్క చెవి ఉండకూడదు! బేటరీ బలమంతా ఆవిడికే వెళ్లాల!" అని మమ్మల్ని వీధిలోకి తోలేశారు. సందులో చేరిన ఆడవాళ్లను కర్ర పుచ్చుకొని తరిమారు. వాళ్లలో కడుపుతో ఉన్నవాళ్లు ఇద్దరున్నారు, వాళ్లు వినవలసిన మాటే అది. పైడితల్లి కూడా పొట్ట పట్టుకొని సందు చివర నిలబడింది. ఆమెనూ తరిమారు. లోపల రేడియో ముందు మిగిలింది దేముడమ్మ ఒక్కతె. పొరపాటున మరచిపోతుందేమోనని రాసుకోవడానికి నేను.

ముందుగా ఏదో పచ్చడి సంగతి, ఆపైన అల్లిక. సత్యారావు గారు తలుపు సందులోంచి "ఇంకా రాలేదా, ఇంకా రాలేదా" అని గింజుకొన్నారు. చివరకు డాక్టరమ్మ గొంతు వినవచ్చింది. "చోడవరం నుంచి ఒక మంత్రసాని అడిగారు" అని మొదలుపెట్టింది. నా పేజీన్నర ప్రస్తావనలో ఒక్క ముక్కైనా చదవలేదు. కత్తిని, బొడ్డుకు కట్టే దారాన్ని కలిపి గిన్నెలో నీళ్లు పోసి మరిగించాలన్నది. నీళ్లు మరగడం మొదలయ్యాక అన్నం ఉడికేంతసేపు అలాగే మరగాలన్నది. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడగాలన్నది. కోసిన చోట బూడిద వద్దు, పేడ వద్దు, ఆముదం వద్దు, ఏమీ వద్దు, పొడిగా వదిలేయమన్నది.

దేముడమ్మ ప్రతి మాటకూ "ఆఁ" అంటూ ఊఁకొట్టింది, ఎదుట మనిషి ఉన్నట్టు. అయిపోయాక నావైపు తిరిగింది.

"బూడిద నేను ప్రతిసారీ ఎట్టేను బాబూ. గట్టిగా అద్దేను. ముప్పయ్యయిదేళ్లు." ఆమె పెదవులు కదిలాయి. ఇళ్లు, వీధులు, ఊళ్లు తలచుకొని ఎవరెవరినో లెక్కపెడుతోందని నాకు అర్థమైంది. రెండు చేతుల వేళ్లు సరిపోలేదు. మధ్యలో ఆపేసి లేచి ఎదురింట్లోకి పోయింది.

తన ఇంటి చూరులోని కొడవలి తెప్పించి, దారంతో కలిపి అన్నం ఉడికేంతసేపు మరిగించింది. రాజ్యానికి మూడు గంటల వేళ కొడుకు పుట్టాడు. ఆ సమయానికి నాటకం మొదలైంది. మా సభ్యులందరూ తిరిగి కుర్చీలు ఆక్రమించుకొని ఉన్నారు. ఎదురింటి నుంచి బిడ్డ ఏడుపు వినబడితే బంగార్రాజు గారు "ఉష్" అన్నారు, నాటకంలో ఏదో కీలకఘట్టం నడుస్తోందని.

ఏడో రోజు గడిచింది. తొమ్మిదో రోజు గడిచింది. మనవడు గుటగుటా పాలు తాగుతున్నాడని సత్యారావు గారు బారసాల నాడు పఠనమందిరంలో సభ చేశారు. అరగంట ఉపన్యసించారు. విజ్ఞానం గురించి, రేడియో మహిమ గురించి, దానిని కొన్న సభ్యుల దూరదృష్టి గురించి, బ్యాటరీని కాపాడటంలో తన నిర్వహణదక్షత గురించి. దేముడమ్మ పేరు ఒక్కసారీ రాలేదు. ఆమెకు వెనుక గుమ్మంలో మామూలు ప్రకారం రెండు తవ్వల బియ్యం, ఒక పాతకోక ముట్టాయి. కోక చిరిగి ఉంది. ఆ ఉపన్యాసానికి చప్పట్లు కొట్టినవారిలో నేనున్నాను. ఆ మరుసటి ఆదివారం నల్లబల్ల మీద అదే నిషేధం, నేను దిద్దిన ఒత్తుతో సహా, అలాగే ఉంది. సందులో నిలబడ్డ ఆడవాళ్లు అలాగే నిలబడ్డారు. అసహ్యమన్న మాటకు ఇంతకంటే వివరమైన అర్థం ఏ నిఘంటువులోనూ నాకు దొరకలేదు.

ఫాల్గుణం చివర పైడితల్లి కన్నది. ఆడపిల్ల. ఆ తొమ్మిది రోజులూ నేను దేముడమ్మ ఇంటివైపు పోలేకపోయాను. పోలేదనడమే సరి. పదోనాటి పొద్దున ధైర్యం చేసి వెళ్లాను. చూరు కింద మూడు రాళ్ల పొయ్యి, దాని మీద నల్లబడిన సత్తుగిన్నె ఉన్నాయి. కె.కోటపాడు నుంచి వచ్చిన వియ్యపురాలు గుమ్మంలో కూర్చొని, ఇంత నీచు లేకుండా బాలింతకు పత్యం పెడతారా అని ఎవరినో సాధిస్తోంది. లోపల పైడితల్లి ఒళ్లో పిల్ల చన్ను కరుచుకొని, చప్పుడు బయటికి వినబడేటట్టు పాలు పీలుస్తోంది. దవడలు చక్కగా ఆడుతున్నాయి. నేను దవడలనే చూస్తూ నిలబడ్డాను.

దేముడమ్మ గోడకు చేరబడి, పిల్లకు దూరంగా కూర్చొని ఉంది.

"ఎత్తుకోవేం దేముడమ్మా? పిల్ల నిలిచిందిగా."

"నిలిసింది బాబూ. దీని బాబు పైడితల్లిని అత్తోరింటికి తీసుకెళ్తాననే సెప్పేడు. ఎత్తుకుందామని సెయ్యి సాపేను. దీనికి కోసిన సెయ్యే ఆ రెండిటికీ కోసింది గదా అనిపించి ఎనక్కి తీసేసేను. నిన్న మా ఈదిలో ఒకావిడ ఎదురొచ్చింది. ఆవిడ గుంటడికీ నేనే బూడిద ఎట్టేను, ఆడు పోయి పదేళ్లయింది. బాగున్నావా అని అడిగింది బాబూ నన్ను. నవ్వుతా అడిగింది."

నా దగ్గర ఉన్న మాటలేవీ ఆ చోట నిలిచేవి కావు.

ఇంతలో బెల్లం వండే పాకల వైపు నుంచి ఒకడు పరుగున వచ్చి, తన పెళ్లానికి నొప్పులని చెప్పాడు. దేముడమ్మ లేచింది. పొయ్యి మీది సత్తుగిన్నెలో చూరులోని కొడవలి వేసి చంకన పెట్టుకొంది. వియ్యపురాలిని తప్పించుకొని వీధిలోకి దిగుతూ వాడితో అంటోంది:

"నువ్వు ముందెళ్లి నీళ్లు కాగెట్టమను. ఇంట్లో బూడిదంతా దూరంగా పారబొయ్యమను. మీ యమ్మ కాదంటే నేనొచ్చీదాకా ఆగమను, నేనే సెప్తాను ఎందుకో. నేనెంతమందికి ఎట్టేనో కూడా సెప్తాను. పద, పద."